మనోవ్యాధికి పర్సెంటేజీ: సదరం క్యాంపులో లెక్క ఎక్కడ తప్పుతోంది

వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు వచ్చేవారిలో చాలామంది వైకల్యం గుమ్మం దగ్గరే కనిపిస్తుంది. కాలు చచ్చుబడిన మనిషి గదిలోకి వచ్చేలోపే డాక్టరుకు సగం సంగతి తెలిసిపోతుంది. వినికిడికి ఆడియోమెట్రీ ఉంది, చూపుకు చార్టు ఉంది. పదేళ్లుగా స్కిజోఫ్రీనియా అనే మనోవ్యాధితో ఉన్న మనిషి సంగతి అలా కాదు. తల్లి ఉతికి ఆరేసిన చొక్కా తొడిగి, పొద్దున్నే దగ్గరుండి మాత్ర మింగించి, బస్సెక్కించి తీసుకొస్తుంది. పేరు అడిగితే పేరు చెబుతాడు, ఊరు అడిగితే ఊరు చెబుతాడు. "బాగానే ఉన్నాడు కదమ్మా" అనే మాట వచ్చేది అప్పుడే.

అలా బాగా కనిపించడం వెనుక ఒక మనిషి రోజంతా చేసే చాకిరీ ఉంది. దాని గురించి అక్కడ ఎవరూ అడగరు, ఆమెకూ చెప్పాలని తోచదు. పింఛను దక్కుతుందా లేదా అనేది చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది. చట్టం మనోవ్యాధిని వైకల్యంగా గుర్తించింది. దాన్ని కొలవడానికి పెట్టిన స్కేలు కూడా, లోపాలున్నా, ఆలోచించి తయారుచేసిందే. ఆ స్కేలును పాత కాగితాలు చూడకుండా, ఇంటివాళ్లను అడగకుండా, కొద్ది నిమిషాల్లో వాడేయడం దగ్గరే లెక్క తప్పుతోంది.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలుండేవి. వాటిలో మనోవ్యాధి ఒకటి. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఆ జాబితాను 21కి పెంచింది. ఇది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ఆలోచన, మూడ్, గ్రహణశక్తి, జ్ఞాపకం గట్టిగా దెబ్బతిని, మంచిచెడ్డల నిర్ణయానికీ మామూలు జీవిత అవసరాలు తీర్చుకోవడానికీ అడ్డుపడే స్థితిని ఈ చట్టం మనోవ్యాధి అంటోంది. బుద్ధిమాంద్యం ఇందులోకి రాదు, అది వేరే పద్దు. పింఛనుకైనా రిజర్వేషన్‌కైనా వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి.

మరి ఎంతమంది నమోదయ్యారు? 2011 జనగణనలో దేశం మొత్తం మీద వికలాంగులు 2.68 కోట్లు. అందులో మనోవ్యాధి కింద లెక్కకొచ్చినవారు 7.2 లక్షలు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం తీవ్రమైన మనోవ్యాధితో ఉన్న పెద్దవాళ్లు 0.8 శాతం. జనాభాతో లెక్కేస్తే అది అరవై లక్షలు దాటుతుంది. వీళ్లందరికీ 40 శాతం వైకల్యం ఉండదు, నిజమే. అయినా ఏడు లక్షలకూ అరవై లక్షలకూ మధ్య ఉన్న తేడాను ఆ ఒక్క కారణంతో కొట్టిపారేయలేం. ఇంటికొచ్చిన ఎన్యూమరేటరుకు లోపలి గదిలో ఉన్న మనిషి గురించి చెప్పని కుటుంబాలు ఎన్నో ఉంటాయి. (ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ లేవు.)

మనోవ్యాధిని కొలిచే స్కేలు పేరు ఐడియాస్. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీకి చెందిన పునరావాస కమిటీ మన దేశ పరిస్థితులకు తగ్గట్టు దీన్ని తయారుచేసింది. 2002లో ప్రభుత్వం దీన్ని తీసుకుంది. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ మనోవ్యాధికి ఇదే కొలత. చూసేవి నాలుగు: స్నానం, తిండి, బట్ట తానే చూసుకోగలడా, నలుగురితో మెలగగలడా, ఎదుటివాళ్లు చెప్పింది అర్థం చేసుకుని తన మాట చెప్పగలడా, పని చేయగలడా. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు. ఇబ్బంది ఏమీ లేకపోతే సున్నా, పూర్తిగా చెయ్యి జారిపోతే నాలుగు. ఇవి కాక, జబ్బు ఎన్నాళ్లుగా ఉందన్నదానికి వేరే మార్కులు: రెండేళ్ల లోపైతే 1, రెండు నుంచి ఐదేళ్లకు 2, ఆరు నుంచి పదేళ్లకు 3, పదేళ్లు దాటితే 4. మొత్తం 20. ఆరు వరకు వస్తే 40 శాతం లోపు. ఏడు నుంచి పదమూడు వస్తే 40 నుంచి 70 శాతం. పద్నాలుగు నుంచి పంతొమ్మిదికి 71 నుంచి 99 శాతం. ఇరవైకి ఇరవై వస్తేనే నూరు శాతం.

ఈ లెక్కలో ఒక విషయం చాలా కుటుంబాలకు తెలియదు. ఇద్దరు మనుషులున్నారనుకుందాం. ఇద్దరికీ నలుగురితో మెలగడంలో 1, పనిలో 2, మిగతా రెండింటిలో సున్నా. మొత్తం 3. మొదటి మనిషికి జబ్బు వచ్చి మూడేళ్లు, కాబట్టి ఇంకో 2 కలిసి 5. పింఛను రాదు. రెండో మనిషికి పన్నెండేళ్ల నుంచి ఉంది, కాబట్టి 4 కలిసి 7. 40 శాతం గీత దాటినట్టే. ఇవాళ ఇద్దరూ పడే ఇబ్బంది ఒకటే, ఫలితం మాత్రం వేరు. స్కేలు తయారుచేసినవాళ్ల ఆలోచన ఇందులో అర్థమవుతుంది. దీర్ఘకాలం సాగిన మనోవ్యాధి మనిషి చదువును, ఉద్యోగాన్ని, స్నేహాలను కొంచెం కొంచెంగా తినేస్తుంది, దానికీ లెక్క ఉండాలన్నది వాళ్ల ఉద్దేశం. ఆ పన్నెండేళ్లకు రుజువేమిటన్నదే ప్రశ్న.

మన దగ్గర జబ్బు మొదలైన ఏడాదికీ మొదటి ఓపీ చీటీ మీద ఉన్న తేదీకీ మధ్య చాలా దూరం ఉంటుంది. మొదట తాయెత్తు, తర్వాత దర్గా, ఆ తర్వాత ఎవరో చెప్పిన గుడిలో మూడు వారాల నిద్ర. మధ్యలో ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన నిద్రమాత్రలు. ఎర్రగడ్డకో విశాఖలో చినవాల్తేరు ఆసుపత్రికో తీసుకెళ్తే పరువు పోతుందన్న భయంతో ఇంకో రెండేళ్లు. ఈ కాలమంతా కాగితం మీద లేదు. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాక కూడా కొన్ని చీటీలు వర్షానికి తడిసిపోతాయి, కొన్ని ఇల్లు మారినప్పుడు పోతాయి, కొన్నింటిని జబ్బు ముదిరిన రోజున ఆ మనిషే చింపేస్తాడు. చివరికి క్యాంపులో మెడికల్ బోర్డు ముందుకు వచ్చేసరికి చేతిలో ఉండేది గత ఏడాది ప్రిస్క్రిప్షన్. పన్నెండేళ్ల జబ్బు ఒక్క ఏడాది జబ్బైపోతుంది. నాలుగు రావలసిన చోట ఒకటే వస్తుంది. ఐడియాస్ ఈ విషయంలో కాగితం ఒక్కదాన్నే నమ్మమనలేదు, ఇంటివాళ్ల నుంచి చరిత్ర తీసుకోమనే చెప్పింది. కానీ బయట స్లాట్ బుక్ చేసుకున్నవాళ్లు బారులు తీరి ఉన్నప్పుడు డాక్టరు కాగితాన్నే చూస్తాడు. అందుకే పాత చీటీలకు, డిశ్చార్జి సమ్మరీకి, మందుల షాపు బిల్లులకు ఇక్కడ మార్కుల విలువ ఉంది. వైద్యం చేసిన ప్రభుత్వాసుపత్రి మెడికల్ రికార్డుల విభాగంలో పాత కేస్‌షీటు నకలు అడగవచ్చు. తన రికార్డులు చూసుకునే హక్కు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి ఇచ్చింది.

పని అనే అంశం ఇంకా చిక్కు. ఉద్యోగం చేసేవాళ్లకు ఉద్యోగం, చదువుకునేవాళ్లకు చదువు, ఇంట్లో ఉండే ఆడవాళ్లకు ఇంటిపని చూడాలని స్కేలు చెబుతుంది. ఉద్యోగం పోయిన మగవాడి పని దెబ్బతిన్నదని అందరికీ తెలుస్తుంది. ఇంటిపని అలా కాదు. కోడలికి మనోవ్యాధి వస్తే వంట ఆగదు, అత్తగారో తోడికోడలో వచ్చి పొయ్యి ముందు నిలబడతారు. "వంట చేస్తుందా?" అని అడిగితే, కూరగాయలు తరిగి ఇచ్చినా సరే, "చేస్తుంది" అనే సమాధానమే వస్తుంది. ఎందుకంటే "చేయదు" అనడం ఇంటి పరువుకు సంబంధించిన మాట. వ్యవసాయ కుటుంబాల్లోనూ అంతే. పొలానికి వెళ్తాడు. కానీ గట్టు మీద కూర్చుని సాయంత్రం తిరిగొస్తాడు, లేదా నీళ్లు పెట్టమంటే మోటారు వేసి మర్చిపోతాడు. "పొలం వెళ్తాడండీ" అనే జవాబు రెండు మార్కులు మింగేస్తుంది. స్నానం విషయంలోనూ, చేస్తాడా లేదా అన్న దానికన్నా, ఎన్నిసార్లు చెబితే చేస్తాడు, చెప్పకపోతే ఎన్ని రోజులు చేయడు అన్నవే అసలు సంగతి బయటపెట్టే ప్రశ్నలు. కుటుంబసభ్యులు రెండు మూడు వారాల పాటు రోజువారీ సంగతులు ఒక నోట్‌బుక్‌లో రాసుకుని తీసుకెళ్తే, ఆ కొద్ది నిమిషాల్లో చెప్పడానికి సరుకు ఉంటుంది. ఇది కథ అల్లడం కాదు. ఎక్కువ చేసి చెప్పి సర్టిఫికెట్ తీసుకుంటే 2016 చట్టం 91వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. మన కుటుంబాల్లో మాత్రం ఎక్కువగా కనిపించేది తగ్గించి చెప్పడమే.

క్యాంపు దాకా రావడమే ఒక పరీక్ష. ముందుగా స్లాట్ బుక్ చేసుకోవాలి, చెప్పిన రోజున చెప్పిన ఆసుపత్రిలో ఉండాలి, ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ సరిపోవాలి. తేదీ గుర్తుపెట్టుకోవడం, క్యూలో నిలబడటం, కొత్తవాళ్ల ముందు మాట్లాడటం ఇవన్నీ ఈ జబ్బు మొదట పట్టుకుపోయే శక్తులే. దరఖాస్తులో బుద్ధిమాంద్యం, మనోవ్యాధి అనే రెండు పద్దుల్లో తప్పుదాని మీద టిక్ పెడితే సైకియాట్రిస్టు అంచనాకు బదులు ఐక్యూ పరీక్షకు వెళ్లాల్సి వస్తుంది. స్కిజోఫ్రీనియా ఉన్న ఇంజినీరుకు ఐక్యూ మామూలుగానే వస్తుంది, రోజు వృథా. ఇక వేలిముద్ర. తన మీద ఎవరో నిఘా పెట్టారన్న నమ్మకంతో బతికే మనిషిని యంత్రం మీద వేలు పెట్టమంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఆధార్ లేకుండా రోడ్ల మీద తిరిగే మనోరోగులైతే ఈ వ్యవస్థకు అసలు కనిపించనే కనిపించరు.

సర్టిఫికెట్ చేతికొచ్చినా అది శాశ్వతం కాకపోవచ్చు. మనోవ్యాధి తగ్గే, తిరగబెట్టే జబ్బు కాబట్టి తాత్కాలిక సర్టిఫికెట్ ఇవ్వడం ఎక్కువ. గడువు తీరాక మళ్లీ బోర్డు. అందులో తప్పు లేదు, చికిత్సతో బాగుపడేవాళ్లు నిజంగానే ఉంటారు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వికలాంగ పింఛన్లన్నింటినీ తిరిగి తనిఖీ చేయించింది. దొంగ సర్టిఫికెట్ల ఫిర్యాదులు ఎప్పటినుంచో ఉన్నవే. 2024 జూలై నుంచి పింఛను మూడు వేల నుంచి ఆరు వేలైంది, కాబట్టి వాటికి ఇంకా బలం వచ్చింది. 40 శాతం కన్నా తక్కువ తేలినవారికి ఆగస్టులో నోటీసులొచ్చాయి, గొడవలయ్యాయి, అప్పీలుకు, మళ్లీ పరీక్షకు అవకాశం ఇచ్చారు. ఇలాంటి రీవెరిఫికేషన్‌లో అందరికన్నా ముందు దెబ్బతినేది మనోవ్యాధి పద్దే. లేని కాలు అయిదేళ్ల తర్వాతా లేనట్టే కనిపిస్తుంది. మాత్రలతో నిలకడగా ఉన్న బైపోలార్ రోగి ఆ ఒక్కరోజు చూసేవాళ్లకు దొంగ లబ్ధిదారుగా కనిపించవచ్చు. నోటీసు వస్తే చదివి, అర్థం చేసుకుని, గడువులోగా అప్పీలు చేయాలి. డిప్రెషన్ ముదిరి మంచం దిగని మనిషికి వచ్చిన కవరు తెరవడమే పెద్ద పని. 2016 చట్టం 59వ సెక్షన్ అప్పీలు హక్కు ఇస్తుంది. దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇవ్వాలి. ఈ రెండో సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

బాగుపడటమే నేరమయ్యే ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. కొన్ని దేశాలు దాన్ని నిబంధనల్లోనే ఎదుర్కొన్నాయి. బ్రిటన్‌లో పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్ అనే భత్యానికి, ఫలానా పని ఏడాదిలో సగానికి పైగా రోజులు ఎలా ఉందో చూస్తారు. చేయగలడా అన్నది ఒక్కటే కాదు, ప్రమాదం లేకుండా, సరిగ్గా, మళ్లీ మళ్లీ, తగిన సమయంలో చేయగలడా అని అడగాలి. ఈ రూల్సున్నా అక్కడా అన్యాయాలు జరుగుతూనే ఉన్నాయి. మానసిక వేదన వల్ల బయట ప్రయాణం చేయలేనివాళ్లకు మార్కులు తగ్గిస్తూ 2017లో తెచ్చిన సవరణను ఆ ఏడాది చివర్లో హైకోర్టు వివక్ష అని కొట్టేసింది. అమెరికా సోషల్ సెక్యూరిటీ నిబంధనలు ఇంకో అడుగు ముందుకేశాయి. కనీసం రెండేళ్ల జబ్బు చరిత్ర ఉండి, చికిత్స వల్లా చుట్టూ ఉన్నవాళ్ల ఆసరా వల్లా మాత్రమే లక్షణాలు అణిగి ఉండి, కొత్త మార్పు ఏదొచ్చినా తట్టుకోలేని మనిషిని వికలాంగుడిగానే చూడాలని వాటిలో ఉంది. మొదట్లో చెప్పుకున్న తల్లి చేసే చాకిరీని లెక్కలోకి తీసుకునే నియమం అంటే ఇదీ. అక్కడి వైకల్య బీమా తీసుకునేవాళ్లు భత్యం పోకుండా తొమ్మిది నెలలు పని చేసి చూసుకోవచ్చు కూడా. మన దగ్గర అలాంటి వెసులుబాటు లేదు. అందుకే సగం కోలుకున్న కొడుకు అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పని చేస్తానంటే, మళ్లీ బోర్డులో ఏమంటారోనని తల్లిదండ్రులే ఆపే పరిస్థితి వస్తుంది. వాళ్లను తప్పుపట్టలేం.

ఇంతకీ వచ్చేదెంత? ఆంధ్రప్రదేశ్‌లో నెలకు ఆరు వేలు, తెలంగాణలో 2023 జూలై నుంచి 4,016. కేంద్రం ఇందిరాగాంధీ వికలాంగ పింఛను పథకం కింద ఇచ్చేది మూడు వందలే, అదీ 80 శాతం వైకల్యం, దారిద్ర్యరేఖ రెండూ ఉంటేనే. పింఛను వ్యక్తికి ఇచ్చేదే అయినా, అర్హత మాత్రం ఇంటిని చూసి తేలుస్తారు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉన్నారా, కారు ఉందా, భూమి ఎంత అని. నలభై ఏళ్ల మనిషి తమ్ముడి ఇంట్లో ఓ మూల బతుకుతుంటే, తమ్ముడి ఉద్యోగం అన్న పింఛనుకు అడ్డం. ఆ ఆరు వేలు చేతిలో ఉంటే ఆ ఇంట్లో అతని మాటకు కొంత విలువైనా ఉండేది.

మధ్యతరగతి కుటుంబాలు సర్టిఫికెట్ జోలికే వెళ్లకపోవడానికి వేరే కారణం ఉంది. చెల్లెలి పెళ్లి సంబంధాలు చెడిపోతాయన్నది అందరూ చెప్పేది. అంతకన్నా గట్టి భయం పెళ్లయినవాళ్లది. హిందూ వివాహ చట్టంలో విడాకుల కారణాల్లో మానసిక రుగ్మత ఉంది, అందులో స్కిజోఫ్రీనియాను పేరుపెట్టి మరీ రాశారు. ప్రభుత్వ బోర్డు సంతకంతో ఉన్న 60 శాతం కాగితం రేపు ఫ్యామిలీ కోర్టులో తన మీదే సాక్ష్యమవుతుందని భయపడే భార్యకు ఆ భయం ఉత్తిదని చెప్పలేం. అయితే కోర్టులు జబ్బు పేరు ఒక్కటే చాలనడం లేదు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక జంట కేసులో 2013లో సుప్రీంకోర్టు, స్కిజోఫ్రీనియా చికిత్సతో అదుపులో ఉండే జబ్బు, దాన్ని చూపి భార్యను వదిలేయడం కుదరదని భర్తకు విడాకులు నిరాకరించింది.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఇదే కాగితం రక్షణ. ఉద్యోగంలో చేరాక వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, సరిపోయే పని లేకపోతే అదనపు పోస్టు పెట్టైనా ఉంచాలని ప్రభుత్వ సంస్థలకు 2016 చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. సెలవు చెప్పకుండా మానేశాడని చార్జిషీటు ఇచ్చి పంపేసిన కేసుల్లో ఎన్నింటి వెనుక మనోవ్యాధి ఉందో ఎవరూ లెక్క తీయలేదు. ఉద్యోగాల్లో దివ్యాంగులకున్న 4 శాతంలో మనోవ్యాధికి విడిగా వాటా లేదు. ఆటిజం, బుద్ధిమాంద్యం, నేర్చుకోవడంలో ఇబ్బంది, బహుళ వైకల్యాలతో కలిపి ఒక్క శాతం పంచుకోవాలి. రైల్వే టికెట్ రాయితీ బుద్ధిమాంద్యం ఉన్నవారికి ఉంది, మనోవ్యాధికి లేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమాలోనూ లేదు. పాత పన్ను విధానంలో ఉన్నవారికి ఆదాయపు పన్ను మినహాయింపు మాత్రం ఉంది: 40 శాతం దాటితే 75 వేలు, 80 దాటితే లక్షా పాతిక వేలు.

అందరి తల్లిదండ్రులనూ పట్టి ఉంచే ప్రశ్న ఒకటే, మా తర్వాత వీడి గతేమిటని. ప్రభుత్వోద్యోగి కుటుంబాలకైతే దానికి కొంత సమాధానం నిబంధనల్లోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ పింఛను నిబంధనల ప్రకారం, మానసిక రుగ్మత వల్ల సొంతంగా బతకలేని కొడుక్కో కూతురికో వయసు పరిమితి లేకుండా జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. పెళ్లయినా ఆగదు. వైకల్యం తల్లిదండ్రులు పోకముందే మొదలైనదై ఉండాలి, అంటే మళ్లీ పాత చీటీల దగ్గరికే వస్తాం. పిల్లల తరఫున డబ్బు ఎవరు తీసుకోవాలో పింఛనుదారు బతికుండగానే రాసివ్వవచ్చు, అలా రాసి ఉన్నప్పుడు కోర్టు నుంచి గార్డియన్‌షిప్ తెమ్మని బ్యాంకు పట్టుబట్టకూడదు. ఆ బిడ్డ పేరును ముందే పింఛను ఉత్తర్వులో చేర్పించుకునే వీలూ ఉంది. తండ్రి పోయాక, తల్లీ పోయాక, ఆఫీసుల చుట్టూ తిరగలేని మనిషే ఆ దరఖాస్తు మొదటిసారి పెట్టుకోవాల్సి వస్తే ఏళ్లు పడుతుంది. తండ్రి ఉండగా అది ఒక ఫారం, రెండు ఫొటోలు, ఒక మెడికల్ సర్టిఫికెట్ పని.